గడి మెట్ల మీది అరబ్బు

మా తాత ఒక అరబ్బును చంపాడు. ఈ మాట ఖతర్‌లో ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. తెలుగులోనే చెబుతాను, గొంతు తగ్గించి చెబుతాను, తలుపు వేశాక చెబుతాను. అరబ్బుల దేశంలో అరబ్బులకు టీ కాచి బతికేవాడికి ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి కదా.

కథ ఇది. నైజాం కాలంలో మా కరీంనగర్ వైపు దొరల గడీలకు, ఆ కోటల్లాంటి ఇళ్లకు, అరబ్బులు కాపలా ఉండేవారు. వాళ్ల పెద్దలు ఎప్పుడో సముద్రం దాటి హైదరాబాద్ వచ్చి నిజాం ఫౌజులో చేరినవాళ్లు. ఆ ఫౌజులోంచే కొందరిని దొరలు జీతానికి తెచ్చుకునేవారు. దొరల మీద సంఘం లేచినప్పుడు మా ఊళ్లోనూ దళం కట్టారు. దానికి మా తాత నాయకుడు. ముప్పై తుపాకులతో గడి మీద పడ్డాడు. మెట్ల మీద ఏడడుగుల అరబ్బు కత్తి దూసి నిలబడ్డాడు. మా తాత చేతిలో గుత్ప, అంటే దుడ్డుకర్ర. ఒక్కటే దెబ్బ.

ముప్పై తుపాకులు నేను కొన్నవి. వినేవాళ్లు నోరు తెరిస్తే నలభై కూడా అవుతాయి. మా నాయన చెప్పినప్పుడు రెండే ఉండేవి, అవి పేలేవో లేదో ఆయనా చెప్పలేదు. అన్ని తుపాకులుండగా కర్రతో ఎందుకు కొట్టాడని ఇన్నేళ్లలో ఒక్కడూ అడగలేదు. అడిగి ఉంటే తుపాకులు తీసేసేవాణ్ణి.

నేను అల్ అజీజియాలో ఒక పెద్దింటి మజ్లిస్‌లో, అంటే మగవాళ్ల చావడిలో, టీ, అరబ్బుల కాఫీ గహ్వా కాస్తాను. నన్ను పిలిపించుకున్న ముసలాయన పోయాక కొడుకులు నన్ను పంపించేయలేదు. నా గహ్వా రుచికి కట్టుబడి అని మా జిల్లా కూలీల క్యాంప్‌లో చెప్పుకుంటాను. అసలు సంగతేమిటంటే, తండ్రి వస్తువులు వేటినీ వాళ్లు కదిలించలేదు. ఆయన కుర్చీ ఉంది, ఆయన రేడియో ఉంది, నేనున్నాను.

ఏడాదిన్నర కింద ఆ ఇంటికి కొత్త డ్రైవర్ వచ్చాడు. కొత్తవాడంటే వయసులో కాదు, నాకంటే నాలుగైదేళ్లు చిన్న, అంతే. హైదరాబాద్ మనిషి. నేను ఇందాక చెప్పిన ఫౌజు అరబ్బుల వంశం. మన దగ్గర వాళ్లను చావూసులంటారు. తాతలు ఇక్కడి ఎడారి దిక్కు నుంచి కొలువు వెతుక్కుంటూ హైదరాబాద్ వస్తే, మనవలు కొలువు వెతుక్కుంటూ మళ్లీ ఇటే వచ్చారు. చిన్నప్పుడు కరీంనగర్‌లో పెరిగాడట, మా తెలుగు బాగా వచ్చు. నేనతన్ని సాబ్ అనేవాణ్ణి, అతను నన్ను పటేలా అనేవాడు. నేను పటేల్ని కాను. కాదని చెప్పలేదు కూడా.

సాయంత్రాలు మజ్లిస్ వంటగది బయట బల్ల మీద ఇద్దరం టీ తాగేవాళ్లం. ఒకరోజు తన వంశం చెప్పాడు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, అలా ఊపిరి తిప్పకుండా తరతరాలు ఎక్కుకుంటూ యెమెన్‌లోని హద్రమౌత్ దాకా వెళ్లి దిగాడు. నా వంతు వచ్చింది. నాకు మా నాయన తెలుసు, తాత తెలుసు, ముత్తాత పేరు సగం తెలుసు. ఊరుకుంటే పరువు పోతుందని పన్నెండు తరాలు చెప్పాను. మధ్యలో మా ఊరి కుమ్మరాయన్నీ, బడిలో సారునూ వాడుకున్నాను.

"ఏం పటేలా, మీ వంశంల ఒకే పేరు మూడుసార్లు తిరిగొచ్చింది?" అన్నాడు.

"పెద్దల పేర్లు పిల్లలకు పెట్టుకుంటం సాబ్ మేము."

"పెట్టుకోండ్రి. గాని మనుమనికి పెట్టాలె, అన్నకు తమ్మునికి ఒకటే పేరు పెడ్తరా?"

అలా నవ్విన మనిషే, తన దాదా పేరు వచ్చిన చోట మాత్రం గొంతు దించేవాడు. సంగతి తర్వాత చెప్పాడు. దాదా నైజాం ఫౌజులో ఉండి, మానేరు ఏటి ఒడ్డున ఏదో గడికి కాపలాగా వెళ్లాడు. తిరిగి రాలేదు. గొడవల కాలంలో దొర డబ్బుపెట్టె ఎత్తుకుని పారిపోయాడనీ, ఎక్కడో ఇంకో పెళ్లి చేసుకున్నాడనీ సొంతవాళ్లే పుట్టించారు. అతని తండ్రి జీవితమంతా ఆ మాట కింద బతికాడు. పెళ్లిళ్లలో వంశం చదివేటప్పుడు ఆ పేరు దగ్గర ఎవరో ఒకరు దగ్గేవారట. ఆ తండ్రి పోయే ముందు ఇతని చేయి పట్టుకుని, దొంగ కాదని తెలుసుకో, సమాధి ఎక్కడుందో చూసి ఒక ఫాతిహా చదువు అన్నాడు. సెలవు మీద వెళ్లినప్పుడల్లా ఇతను మానేరు ఒడ్డున పాడుబడ్డ గడీలు తిరిగాడు. ఎవరికీ ఏమీ తెలియదు. ఈ ఏడాదితో ఇక్కడి వీసా అయిపోతుంది, ఇంటికి వెళ్లి మిగిలిన గడీలు చూస్తానన్నాడు.

మానేరు ఒడ్డున గడీలు చాలా ఉన్నాయి, నాకేం అనుమానం రాలేదు అని ఇక్కడ రాయవచ్చు. వచ్చింది. వచ్చిన అనుమానాన్ని టీ వడకట్టి పిప్పి పారేసినట్టు పారేశాను.

అంతలో పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దల పేర బియ్యం ఇచ్చే అమావాస్య. లుసైల్ సైట్లలో పనిచేసే మా జిల్లా వాళ్ల క్యాంప్‌లో అమావాస్య ఏ వారం పడినా పెత్రమాస శుక్రవారమే వస్తుంది, డ్యూటీ లేనిది ఆ రోజే కనుక. బియ్యం పట్టడానికి అయ్యవారు లేరు. పరంజాలు కట్టే జంగమాయన ఒకాయన ఉన్నాడు. ఆయనకే స్నానం చేయించి, విభూది పెట్టించి, రూములో గోడకు ఆనించి కూర్చోబెడతారు. ఒక్కొక్కరు పళ్లెంలో బియ్యం, పప్పు, రెండు వంకాయలు, చింతపండు పెట్టి తమ పెద్దల పేర్లు చెప్పి ఆయన ముందు పెడతారు. తర్వాత అదంతా కలిపి వండి అందరం తింటాం.

"మీ తాతలకు ముట్టిందో లేదో గాని, మీ కడుపులకైతే ముడ్తది," అంటాడు ప్రతి ఏడూ ఆ జంగమాయన.

ఆ రోజు నన్ను క్యాంప్‌కు తెచ్చింది చావూస్ సాబే. కారులో ఉంటానన్నాడు. నేను పళ్లెం పట్టుకుని కూర్చుని తాత పేరు చెప్పగానే జంగమాయన కన్ను గీటాడు.

"ఈయన అరబ్బును కొట్టిన తాతనేనా?"

"ఎన్నడో ఇన్నం, మల్లోసారి చెప్పు," అన్నారు వెనకనుంచి.

నన్ను అడగాలా? పళ్లెం పక్కన పెట్టాను. ఊరి పేరు, దొర ఇంటిపేరుతో మొదలుపెట్టి, గడి తలుపులు బద్దలు కొట్టించి, అరబ్బును మెట్ల మీద నిలబెట్టాను. గుత్ప ఎత్తినట్టు చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. గుమ్మంలో సాబ్ నిలబడి ఉన్నాడు. కారులో ఉక్క భరించలేక పైకి వచ్చాడట. ఎప్పటినుంచి వింటున్నాడో తెలియదు.

రూములో ఎవరో గరిటె కింద పెట్టారు. అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. నా ముందు కూర్చున్నాడు.

"మానేరు ఒడ్డున్న ఊరేనా?"

"అవ్ సాబ్."

"గడికి ఒక్కడే అరబ్బు ఉండెనా?"

"ఒక్కడే."

కొడతాడనుకున్నాను. కొట్టినా అడ్డుకునేవాణ్ణి కాను. అతను మాత్రం ఎదురుగా ఉన్న పళ్లెంలోని బియ్యం చూస్తూ అడిగాడు.

"కొట్టంగ మా దాదా చేతిల ఏముండె?"

"తల్వార్," అన్నాను. "ఇంత పొడుగు."

"నిలవడే ఉన్నడా?"

"నిలవడే సాబ్. ఒక్క మెట్టు దిగలే."

అతని మొహం చూసి నేను చెయ్యి దించాను. "ఉర్కలే, పారిపోలే," అన్నాడు. "మా దాదా ఉర్కలే." ఏడవలేదు. నా భుజం పట్టుకుని రెండుమూడుసార్లు ఊపాడు. తాతను చంపినవాడి మనవడి పక్కన కూర్చుని, ఆ పెద్దల బియ్యమే తిన్నాడు. లేచే ముందు అడిగాడు: "ఏడ పెట్టిండ్రు పటేలా? జాగ చూపిస్తె చాలు."

"మా మేనత్త ఉన్నది. అడిగి చెప్త," అన్నాను.

తిరిగి వస్తుంటే దారిలో హైదరాబాద్‌లో ఉన్న పెద్ద కొడుక్కు ఫోన్ చేశాడు. ఉర్దూలో మొత్తం చెప్పాడు. నేనిచ్చిన తల్వార్ అతని నోట్లో ఇంకో జానెడు పెరిగింది. నాకు ముచ్చటేసింది, వీడు మా ఇంటివాడే అనిపించింది. సమాధికి రాయి చెక్కించమని కొడుక్కు చెబుతుంటే మాత్రం కిటికీ బయటికి చూశాను.

మా మేనత్త సిరిసిల్లలో కూతురి దగ్గర ఉంటుంది. ఎనభై దాటింది. పళ్లు పోయాయి, మతి పోలేదు. వీడియోలో ఆమె మొహం ఎప్పుడూ సగమే కనిపిస్తుంది, ఆ సగంలో కూడా నుదురే ఎక్కువ.

"దుబాయ్ల వానలు వడ్డయా అల్లుడా?"

"ఇది ఖతర్ అత్తా."

"ఏదైతేంది తియ్. అన్నం తిన్నవా?"

అడిగాను. తాత గడి మీద పడ్డనాడు నువ్వు చూసినవా అని. ఆమె నవ్వింది.

"ఎవలు వడ్డరు? మా నాయిననా? మా నాయిన మిరంపొడి సంచి మోసిండు. కండ్లల్ల కొట్టెతందుకు. ముందట నడిచేటోళ్లు ఏరే. గాయిన ఎప్పటికి ఎన్కకే."

"మరి అరబ్బును కొట్టింది?"

నుదురు కూడా తెరమీంచి జరిగిపోయింది. పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి. గొంతు మాత్రం వచ్చింది.

"గా ముసలోన్నా?"

ఏడడుగులవాడు కాదు. ముసలివాడు, జ్వరంతో ఉన్నాడు. దొర కుటుంబం బండ్లు కట్టుకుని హైదరాబాద్ వెళ్లిపోతూ, అతనికి బండిలో చోటు లేదని తాళంచెవుల గుత్తి చేతికిచ్చి వదిలేసింది. చిన్నపిల్లగా అత్త గడి ముందునుంచి నీళ్లకు వెళ్తుంటే పిలిచి శక్కెర పెట్టేవాడట. దళం వచ్చింది పట్టపగలు. వీళ్ల దగ్గర కర్రలున్నాయి, వడిసెలలున్నాయి, మా తాత మోసిన మిరప్పొడి ఉంది. అరబ్బు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, లేవలేక. తాళాలు ఇమ్మన్నారు. దొర వచ్చాక దొరకే ఇస్తానన్నాడు.

"ఒక్కడు మొదలువెట్టిండు. ఇగ అందరు వడ్డరు," అంది అత్త. "కింద వడ్డంక నీళ్లడిగిండు. మన మాట్లనే అడిగిండు, బిడ్డా నీళ్లు అని. నన్ను జూసే అడిగిండు. నా సంకల బిందె ఉండె అల్లుడా, నిండు బిందె. మా నాయిన నా రెక్క వట్టి ఇంటికి గుంజుకచ్చిండు."

"తాత కొట్టలేదా?"

"కొట్టలే. కొట్టేటోళ్లను ఆపలే. గంతే."

"మరి తనే కొట్టిన్నని ఎందుకు చెప్పుకున్నడు?"

"సంఘం గెలిచినంక అందరు కొట్టినోళ్లే అయిరి. కొట్టలేనంటె నువ్వు దొర మనిషివా అంటరు. ఆ ముసలోన్ని సంపిన ఇండ్లు మన ఊళ్లె ఆరు ఉండె. ఒక్క పానానికి!"

శవాన్ని గడి వెనక ఎండిన బావిలో వేసి మన్ను కప్పారట. గడి, మా ఇల్లు మానేరు మీది ప్రాజెక్టు నీళ్లలో మునిగాయని నాకు తెలుసు, సాబ్‌కు చెప్పలేదంతే; ఆ బావీ అందులోనే ఉంది. ఇళ్లకు నష్టపరిహారం వచ్చినప్పుడు బావి సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఫోన్ పెట్టేశాక నాకు ముందు కలిగింది జాలి కాదు, సిగ్గు కూడా కాదు. కోపం. హంతకుడి మనవడిగా ముప్పై ఏళ్లు తలెత్తుకుని బతికాను, ఇప్పుడు మిరప్పొడి సంచి మోసినవాడి మనవణ్ణి చేసింది ముసల్ది అనుకున్నాను. అలా అనుకున్న మనిషిని నేనే. జాలి మర్నాడు గిన్నెలు కడుగుతుంటే వచ్చింది.

సాబ్ రోజూ అడిగేవాడు. అత్త ఫోన్ కలవడం లేదన్నాను. కలిసిందిగానీ చెవుడన్నాను. చెవుడు కాదు, ఆసుపత్రిలో ఉందన్నాను. ఆమె నిక్షేపంగా ఉంది, కూతురితో పోట్లాడుతూ ఉంది. నా అబద్ధాల పుణ్యాన లేని రోగాలన్నీ ఆమెకు వచ్చాయి. అంతలో హైదరాబాద్ నుంచి సాబ్ కొడుకు రాయి ఫొటో పంపాడు. నల్లరాయి, పైన అరబ్బీ, కింద ఉర్దూ. సమాధి ఉన్న జాగా పేరు చెక్కడానికి ఖాళీ వదిలారు. విమానం దిగి నేరుగా మీ ఊరికే పోతానన్నాడు సాబ్.

ఆ వారం ఇంట్లో విందు ఉంది, అల్ రువైస్ రేవు నుంచి తాజా చేపలు తెమ్మన్నారు. అతనితో నేనూ వెళ్లాను. దోహా నుంచి ఉత్తరం కొస దాకా దారి. ఆకాశం, నేల, సముద్రం అన్నీ ఒకే బూడిదరంగులో ఉన్నాయి. పడవల మీంచి జాలరులు పెట్టెలు దింపుతుంటే ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం.

"సాబ్, ఆ తల్వార్ ఉన్నది సూడు," అన్నాను. "అంత పొడుగు లేకుండె."

"ఎంతుండె?"

చేతులు చాపి చూపించబోయాను. రెండు చేతుల మధ్య ఎంత ఎడం పెట్టాలో తెలియలేదు. దించేశాను.

"తల్వారే లేకుండె," అన్నాను.

ఇక ఆపలేదు. ముసలితనం, జ్వరం, బండిలో చోటు లేకపోవడం, తాళాలు, కర్రలు, బావి, ప్రాజెక్టు, అన్నీ చెప్పాను. మా తాత మోసిన సంచి గురించీ చెప్పాను. జీవితంలో ఏ కథనూ అంత పేదగా చెప్పలేదు. అతను పడవల వంక చూస్తూ విన్నాడు. అయిపోయాక అడిగాడు.

"పోయేటప్పుడు ఏమన్న అన్నడా?"

నాకు తెలుసు అతనికి ఏం కావాలో. కల్మా చదివాడని చెబితే చాలు. ఆ మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. కాదని చెప్పగలవాళ్లు లోకంలో ఒక్క మా అత్త తప్ప లేరు. ఆమెను ఎలాగూ ఆసుపత్రిలో పెట్టాను కదా.

"నీళ్లడిగిండు," అన్నాను.

"ఇచ్చిండ్రా?"

"లే."

తల ఊపాడు. దగ్గరలో మసీదు ఉంది, అటు నడిచి వెళ్లాడు. నేను చేపలు తూయించి, ఐసు వేయించి, పెట్టెలు కారు పక్కన దింపించి నిలబడ్డాను. తాళంచెవి అతని దగ్గరే ఉంది. అతను వచ్చేసరికి ఐసు సగం నీళ్లయింది.

దారిలో కొడుకు ఫోన్ చేశాడు. కారులో స్పీకర్ మీద గొంతు గట్టిగా వచ్చింది. రాయి తయారైంది అబ్బా, జాగా పేరు చెబితే చెక్కేస్తారు అంటున్నాడు. నేను నా చేతులు చూసుకుంటున్నాను. సాబ్ ఉర్దూలో చెప్పాడు, నిదానంగా, పిల్లవాడికి చెప్పినట్టు. సమాధి లేదు బేటా, ఆ జాగా నీళ్లలో మునిగింది. తల్వార్ కూడా లేదు. దొర తాళాలు చేతిలో ఉన్నాయి, ఇవ్వలేదు, అందుకు చంపారు.

"అంటే దొంగ కాదు కదా అబ్బా?" అన్నాడు అవతల కొడుకు.

"కాదు."

"మరి రాయి?"

"ఉండనియ్యి. మీ నాయినమ్మ సమాధి పక్కన పెడదాం," అని ఫోన్ పెట్టేశాడు. నీళ్లు అడిగిన సంగతి కొడుక్కు చెప్పలేదు.

ఆ తర్వాత అతను బల్ల మీదికి రాలేదు. టీ కావాలంటే ఇంట్లో పనిమనిషితో కబురు పంపేవాడు, కారులోనే తాగేవాడు, గ్లాసు కడిగి పంపేవాడు. నేను నాలుగు మాటలు కూడబలుక్కుని రెండుసార్లు కారు దాకా వెళ్లాను. అందులో ఒకటి కూడా పెంచిన మాట కాదు. అద్దం దించి, "ఏం పని పటేలా?" అన్నాడు, మర్యాదగానే. ఏమీ లేదని వచ్చేశాను.

నెలాఖరుకు వెళ్లిపోయాడు. వెళ్లేరోజు మజ్లిస్‌లో అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు. ఇంటి కొడుకులకు, తోటమాలికి, వంటవాడికి చేయి కలిపాడు. నాకూ కలిపాడు, తోటమాలికి కలిపినట్టే.